వెలుగు తినే అత్తగారు

అందరూ ఆమెను చిన్నది అనే పిలుస్తారు. నలభై దాటింది, కణతల దగ్గర జుట్టు నెరిసింది, అయినా చిన్నదే. అక్క ముందు పుట్టింది, ఈమె తర్వాత పుట్టింది, అందులో వాదించడానికేముంది? తల్లి పోయేనాటికి ఈమెకు సొంతంగా జడ వేసుకోవడం కూడా చేతకాదు. అక్కే జడ వేసింది, అక్కే బడికి పంపింది, చివరికి తను పనిచేసే సముద్ర పరిశోధన కేంద్రంలోనే తొట్ల పని ఇప్పించిందీ అక్కే. ఈ భూమ్మీద చిన్నది భయపడే మనిషంటూ ఉంటే అది అక్క. ప్రాణం పెట్టే మనిషన్నా అక్కే.

ఆ ఉదయం తొట్ల గదిలో అడుగు పెట్టగానే చిన్నదాని మొహం విప్పారింది. చివరి తొట్టి అద్దం తళతళలాడుతోంది. కొన్నాళ్ళుగా ఆ అద్దానికి పట్టిన జిగురు నాచుతో ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. గీకితే పోయేది, మర్నాటికి మళ్ళీ ఏమీ ఎరగనట్టు తయారయ్యేది. ఇవాళేమో అక్క బయటివాళ్ళను వెంటబెట్టుకొని వస్తోంది. ఆ మురికి అద్దం వాళ్ళకు చూపిస్తే అక్క పరువేం కాను? అందుకే మొన్న సాయంత్రం, చేపల తొట్లలో ఎప్పుడూ వేసే నాచు మందే కొలిచి ఇందులోనూ వేసింది. ఇప్పుడు చూడు, నాచు ఊడి అడుక్కి చేరింది, నీళ్ళు అద్దంలా ఉన్నాయి. తన భుజం తనే తట్టుకోవాలనిపించింది చిన్నదానికి.

ఆ తొట్టిలో ఉండేది ఒక్కటే ప్రాణి, అదీ చూడ్డానికి ప్రాణిలా ఉండదు. రాతికి అతుక్కొని, అంచులు మడతలు పడి, అరచేతులు నాలుగు పక్కపక్కన పరిచినంత ఆకుపచ్చటి ముద్ద. స్పాంజి. మనం గిన్నెలు తోముకునేది కాదండోయ్, సముద్రంలో పుట్టి పెరిగే అసలు స్పాంజి. కదలదు, మెదలదు, పన్నెత్తి మాట్లాడదు, కానీ అందరూ దానికి ఊడిగం చెయ్యాల్సిందే. నీళ్ళు కాస్త వెచ్చబడితే అలుగుతుంది. ఉప్పు కాస్త హెచ్చితే ముడుచుకుంటుంది. నీళ్ళలోంచి పైకి తీసి గాలి తగిలించారో, ఇక అంతే సంగతులు. ఇవన్నీ చూశాకే, పంపుల గది చూసుకునే బావ దానికి అత్తగారు అని పేరు పెట్టాడు. పొద్దున్నే గుమ్మంలో నిలబడి "అత్తగారు లేచారా? ఇవాళ ఎవరి మీద కోపం?" అని అడిగితే గానీ పనిలో పడడు. అక్క మొగుడు కదా, ఆ మాత్రం వేళాకోళం ఆయన హక్కు.

అత్తగారి పచ్చదనం అత్తగారిది కాదు. ఆవిడ ఒంటినిండా కంటికి కనపడని బాక్టీరియా కాపురముంటాయి. చెట్ల ఆకుల్లాగే అవీ వెలుగులోంచి తిండి తయారు చేసుకుంటాయి. చేసుకున్నదాంట్లో సగానికి పైగా ఆవిడకే పెడతాయి. ఆవిడ వాటికి ఉండటానికి చోటిస్తుంది, మేసిపోయే పురుగూ పుట్రా నుంచి కాపాడుతుంది. అద్దెకున్నవాళ్ళే ఇంటావిడకు అన్నం పెట్టే ఇల్లన్నమాట అది. వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోతే ఇంటావిడ పస్తులతో పోవాల్సిందే.

ఆ రకం ఉన్న రాయి బయట సముద్రంలో ఒక్కటే ఉండేది. ఒడ్డు దగ్గర తవ్వకాలు మొదలెట్టాక బురద వచ్చి దాన్ని కప్పడం మొదలైంది. పూర్తిగా కప్పేసేలోపు అక్క చివరిసారి దిగి ఈ ముక్క తెచ్చింది. ఆ దిగడంలోనే ఆమె చెవి లోపల పొర చిరిగిపోయింది. ఇక ఈ జన్మకి నీళ్ళలో దిగొద్దని డాక్టర్లు తేల్చి చెప్పేశారు. కాబట్టి తొట్టిలో ఉన్నదే ఉంది. ఇది పోతే వెతకడానికి రాయీ లేదు, దిగడానికి అక్కా లేదు.

అద్దం అందం చూసుకొని మురిసిపోయాక చిన్నదాని చూపు లోపలికి వెళ్ళింది. అత్తగారి పైఅంచు దగ్గర ఏదో తేడాగా ఉంది. మొహం అద్దానికి ఆనించి చూసింది. అంచు మడతల్లో పచ్చదనం పల్చబడి, చాలాసార్లు ఉతికిన చీర అంచులా వెలిసిపోయి ఉంది. కళ్ళు నులుముకొని మళ్ళీ చూసింది. వెలిసే ఉంది.

అప్పుడు తట్టింది. ఆ జిగురు నాచు ఏ జాతిది? అదీ వెలుగు తిని బతికే బాక్టీరియానే. అత్తగారి ఒంట్లో కాపురమున్నవీ ఆ కులమే. అద్దం మీదివాటిని ఊడగొట్టిన మందు, లోపలివాటిని చూసి మీరు మనవాళ్ళు కదా అని మర్యాదగా వదిలేస్తుందా? చిన్నది పట్టుకోవడానికి ఏదీ దొరక్క తొట్టి అంచే పట్టుకుంది.

ఇది ఆమెకు తెలియని సంగతి కాదు. చూడటానికి వచ్చిన పిల్లలను ఇదే తొట్టి ముందు నిలబెట్టి, ఎన్నిసార్లు అరటిపండు ఒలిచినట్టు చెప్పిందో. అదే కదా ఒళ్ళు మండేది. బయటున్నదానికి మురికి అని పేరు, లోపలున్నదానికి అత్తగారని పేరు. రెండు పేర్లు పెట్టుకున్నాక రెండూ ఒకటేనన్నది మనసులోంచి జారిపోయింది. తెలిసీ చేసిన తెలివితక్కువతనానికి ఎవరిని తిట్టుకోవాలి? తననే తిట్టుకుంది, నోటికొచ్చినట్టల్లా.

జేబులో ఫోన్ మోగింది. అక్క.

"ఏమే, ఎలా ఉంది?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. అక్క గొంతులో ఎన్నాళ్ళకో కాస్త హుషారు వినపడుతోంది, వెనకాల ఎవరో నవ్వుతున్నారు, బండి వెళ్తున్న చప్పుడు. ఇప్పుడా చెప్పడం? వాళ్ళందరి ముందు, ఫోన్లో?

"బాగుందక్కా," అంది.

"పచ్చగా ఉందా?"

"ఆఁ, ఉంది."

"మేం సగం దారిలో ఉన్నాం. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాం. ఆ లైట్లు ఫుల్లుగా పెట్టి ఉంచు, దాని రంగు వీళ్ళు చూడాలి. సగం ఇస్తానన్నాను కదా, ఏం తీసుకెళ్తున్నారో కళ్ళారా చూసుకోవాలిగా."

సగం ఇవ్వాలన్నది అక్క ఆలోచనే. ఉన్నదంతా ఒకే తొట్టిలో ఉంటే ఏ రోజు పంపు మొరాయించినా కొంప మునుగుతుంది. ఇంకో కేంద్రంలోనూ సగముంటే ఒకచోట పోయినా ఒకచోట మిగులుతుంది. దానికోసం అక్క ఆ కేంద్రంవాళ్ళ చుట్టూ తిరిగి తిరిగి ఒప్పించింది.

"అక్కా," అంది చిన్నది.

"ఊఁ, ఏంటి?"

"ఏం లేదు. జాగ్రత్తగా రండి."

ఫోన్ పెట్టేసి వెళ్ళి లైట్ల మీట ఫుల్లుకి తిప్పింది. తిప్పకపోతే ఎందుకు తిప్పలేదని అడుగుతుంది కదా. పైగా మనసుకి ఒక సర్దుబాటు కూడా చెప్పుకుంది. వెలుగే వాటి తిండి, నీరసపడ్డవాళ్ళకు నాలుగు ముద్దలు ఎక్కువ పెడితే తప్పేంటి అని. అబద్ధం ఆడిన మనిషికి ఇలాంటి సర్దుబాట్లు ఎక్కడినుంచి పుట్టుకొస్తాయో గానీ, అడగకుండానే వస్తాయి.

తర్వాత పరిగెత్తింది. పంపుల గదిలో బావ మోటారు విప్పి, మోచేతులదాకా గ్రీజు పూసుకొని కూర్చున్నాడు.

"బావా, బొగ్గు సంచులు కావాలి. ఉన్నవన్నీ. కొత్త నీళ్ళు కూడా, చివరి తొట్టికి."

"ఏం, అత్తగారికి అజీర్తి చేసిందా?" అన్నాడు తలెత్తకుండానే. జవాబు రాకపోయేసరికి తలెత్తి చూశాడు. చిన్నది అప్పటికే బొగ్గు సంచుల వైపు నడుస్తోంది. ఆయన లేచి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "చెప్పు, ఏం చేశావ్?"

చెప్పేసింది. మందు సంగతి, అంచు వెలిసిన సంగతి, ఫోన్ సంగతి, ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ బావ బొగ్గు సంచులు ఒక్కొక్కటే కిందికి దించుతూనే ఉన్నాడు. నీళ్ళలో కలిసిన మందుని బొగ్గు పీల్చుకుంటుంది. ఎంత పీలుస్తుందో, ఎంతసేపట్లో పీలుస్తుందో ఎవరూ చెప్పలేరు.

"మందు వేశావు సరే. బాగుందని ఎందుకన్నావే?" అన్నాడు.

"నోరు రాలేదు బావా."

"అబద్ధానికి మాత్రం బాగానే వచ్చింది." అని, ఆమె మొహం చూసి గొంతు తగ్గించాడు. "సర్లే, ఏడుపు తర్వాత. సంచులు పట్టు."

ఇద్దరూ కలిసి తొట్టిలో పాత నీళ్ళు తోడటం, కలిపి ఉంచిన కొత్త ఉప్పునీళ్ళు పట్టడం మొదలెట్టారు. నీళ్ళ మట్టం అత్తగారి నెత్తి దాటి కిందికి దిగకూడదు, గాలి తగులుతుంది. కాబట్టి కాస్త తోడు, కాస్త పొయ్యి. కొంప అంటుకున్నా నింపాదిగా చెయ్యాల్సిన పని అది.

"ఇంతకీ ఆ మందు ఏం చేస్తుంది?" అడిగాడు బావ, గొట్టం పట్టుకొని. "ఒక్క దెబ్బకి చంపేస్తుందా?"

"చంపదు. వాటిని బాగుపడనివ్వదు. వెలుగు వాటికి తిండీ, దెబ్బా రెండూను. పనిచేస్తున్నకొద్దీ లోపలి సామాను కాలిపోతూ ఉంటుంది. కాలిందాన్ని తీసేసి కొత్తది తయారు చేసి పెట్టుకుంటూనే ఉంటాయి, రోజంతా అదే పని. ఈ మందు పడితే ఆ కొత్త సామాను తయారు కాదు. వెలుగు ఎంత ఎక్కువైతే అంత..."

మాట మధ్యలో ఆగిపోయింది. బావ నెమ్మదిగా తలెత్తి తొట్టి మీద వెలుగుతున్న లైట్ల వైపు చూశాడు.

"అంటే, రిపేరు చేసేవాడు సెలవులో ఉన్నాడని తెలిసీ మోటారుని ఫుల్లు లోడు మీద నడుపుతున్నామా మనం?"

చిన్నది మీట దగ్గరికి ఎలా వెళ్ళిందో ఆమెకే తెలీదు. లైట్లు ఆరిపోయాయి. కిటికీలోంచి పడే ఎండ ఇంకా ఉంది. బావ నీళ్ళ డ్రమ్ముల మీద కప్పే నల్ల పట్టాలు లాక్కొచ్చి కిటికీలకు అడ్డం కట్టాడు. గది మసక చీకటైంది. ఆ మసకలో కూడా కనిపిస్తోంది, అత్తగారి పైభాగమంతా తెల్లబడిపోయింది. పొద్దున అంచు మాత్రమే. ఇప్పుడు నడినెత్తి నుంచి భుజాలదాకా. ఇందాకటినుంచి తన చేత్తో తనే కాల్చింది. చిన్నది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని అక్కడే గోడకి ఆనుకుంది.

చీకట్లో ఉంచితే పస్తు. వెలుగులో ఉంచితే మంట. పస్తు నెమ్మదిగా చంపుతుంది, మంట ఇప్పుడే చంపుతుంది. మందు పూర్తిగా వదిలేదాకా పస్తే మేలు. ఇంతవరకు ఆమె లెక్క సరిగ్గానే తేలింది. తేలనిదల్లా ఒక్కటే, అక్కకు ఏ మొహం పెట్టుకొని చెప్పాలి?

"ఫ్యూజు పోయిందని చెప్పనా?" అన్నాడు బావ. "నా పంపుల గది, నా ఫ్యూజు. నన్ను తిట్టుకుంటుంది, అలవాటే. రెండ్రోజులు చీకట్లో ఉంటుంది, ఈలోపు మందూ పోతుంది. నీ మాటా దక్కుతుంది."

చిన్నదానికి ఆశ పుట్టింది. పుట్టలేదని చెబితే అది ఇంకో అబద్ధమవుతుంది. నిజంగానే ఆ మాట ఒక క్షణం అమృతంలా వినిపించింది. అక్కకు తెలియదు. అత్తగారు కోలుకున్నా కోలుకుంటుంది. ఎవరి పరువూ పోదు. ఆమె అవునని అనలేదు, కాదనీ అనలేదు. బయట బండి ఆగిన చప్పుడైంది.

అక్క ముందు వచ్చింది. వెనకాల ఆ కేంద్రం పెద్ద, ఒక పొడుగావిడ, చేతిలో బరువైన సంచి. ఆవిడ వెనక డ్రైవరు, మూత బిగించే నల్ల డబ్బా మోసుకుంటూ.

"ఇదేంటి, గుహలా ఉంది?" అంది అక్క గుమ్మంలోనే. "లైట్లు ఫుల్లుగా పెట్టమన్నానుగా?"

"ఫ్యూజు..." అన్నాడు బావ.

"ఇవాళే పోవాలా అది?" అక్క విసుక్కుంది, వచ్చినవాళ్ళ వైపు తిరిగి నొచ్చుకున్నట్టు నవ్వింది.

"ఏం ఫర్వాలేదు," అంది పొడుగావిడ. "నా దగ్గర లైటుంది." సంచిలోంచి పెద్ద బ్యాటరీ లైటు తీసింది. సముద్రం అడుగున వాడేది, కళ్ళు బైర్లు కమ్మించే రకం. దాన్ని తొట్టి అద్దానికి ఆనించి, వేలు మీట మీద పెట్టింది.

చిన్నది వెళ్ళి ఆ లైటు మూతికి రెండు చేతులూ అడ్డం పెట్టేసింది.

"వెయ్యొద్దండీ," అంది. "ఫ్యూజు పోలేదక్కా. నేనే ఆపేశాను. మొన్న సాయంత్రం ఇందులో నాచు మందు వేశాను."

పొడుగావిడ లైటు వెనక్కి తీసుకుంది. అక్క మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, తీసేయడం మర్చిపోయినట్టు.

"చేపలకు వేసేదా?" అడిగింది అక్క.

"అదే."

"ఎంత?"

"చేపలకు వేసినంతే."

"లైట్లు ఎప్పుడు ఆపావు?"

"ఇందాక. మీరు రావడానికి కాస్త ముందు."

"అప్పటిదాకా?"

"ఫుల్లుగా ఉన్నాయి."

"మందు వేసిన తొట్టికి ఫుల్లు లైట్లా?" అక్క గొంతు మొదటిసారి లేచింది. "ఎవరు పెట్టమన్నారే?"

చిన్నది తల వంచుకుంది. ఈ ప్రశ్న వస్తుందని తెలుసు, రాకుండా ఉంటే బాగుండునని ఉదయం నుంచీ లోపల్లోపల దండం పెట్టుకుంటూనే ఉంది.

"నువ్వేనక్కా. ఫోన్లో."

అక్క బోర్లించిన ఉప్పు బకెట్టు మీద కూలబడింది. తిడుతుందని చూశారు అందరూ, తిడితే బాగుండునని చూసింది చిన్నది. అక్క తిట్టలేదు.

"మందు వేసినందుకు నేను నిన్నేమీ అనను," అంది చివరికి. "అద్దం మురికిగా ఉంటే నాకు తలవంపులని వేసి ఉంటావు. అది నాకు తెలుసు. కానీ ఎలా ఉందని అడిగాను కదే. నువ్వు ఒక్క మాట చెప్పి ఉంటే, ముందు లైట్లు ఆపు అని అరిచి ఉండేదాన్ని. బాగుందన్నావు. నా చెవి పోగొట్టుకొని తెచ్చుకున్నదాన్ని నా నోటితోనే కాల్పించావు."



అక్క లేచింది. చూడాల్సింది చూడక తప్పదు. పట్టా అంచు కాస్త తొలగించి, ఆ సన్నటి వెలుగులో తొట్టి చుట్టూ తిరిగింది. పైన అంతా తెలుపు. చివరికి మోకాళ్ళ మీద వంగి రాతి అడుగుకి చూసి, "ఇటు రండి," అంది పొడుగావిడతో. రాయి కొద్దిగా ముందుకు వంగిన చోట, ఆ నీడన దాక్కున్న మడత ఒకటి ఇంకా పచ్చగా ఉంది. ఫుల్లు లైట్లు అక్కడిదాకా చేరలేదు. అరచెయ్యంత ఉంటుంది, అంతే.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చిన్నదానికి వాళ్ళేం ఆలోచిస్తున్నారో అర్థమైంది. అరచెయ్యంతది రెండు ముక్కలు చేస్తే రెండూ గాయం మానకుండానే పోతాయి. ఒక్కచోటే ఉండాలి. ఈ తొట్టిలో రాళ్ళూ ఇసకా మందు పీల్చుకొని ఉన్నాయి, ఇంకా ఎన్నాళ్ళు కక్కుతూనే ఉంటాయో తెలీదు. పక్క తొట్లన్నీ ఆ మందు తిన్నవే. శుభ్రమైన నీళ్ళు సిద్ధంగా ఉన్నది పొడుగావిడ దగ్గరే.

పొడుగావిడ నోరు తెరిచి అడగలేదు. అక్కే చెప్పింది.

"మొత్తం తీసుకెళ్ళండి."

బావ తల పక్కకు తిప్పుకున్నాడు.

"చిన్నదానా, కత్తి తీసుకో," అంది అక్క.

"నా వల్ల కాదక్కా. చూడు, చేతులు ఎలా వణుకుతున్నాయో."

"వణుకు ఆపుకో. నేను దిగి తేవడం, నువ్వు కొయ్యడం. ఇన్నేళ్ళూ అంతే కదా. వేరేవాళ్ళ చెయ్యి నేను నమ్మను."

చిన్నది చేతులు భుజాలదాకా కడుక్కుంది. సన్న కత్తి తీసుకొని తొట్టిలోకి వంగింది. అంతా నీళ్ళలోనే జరగాలి. తెలుపు తగలకుండా కొయ్యాలి. చచ్చినదాని కుళ్ళు ఏమాత్రం అంటినా పచ్చదానికీ పాకుతుంది. మరీ లోపలికి కోస్తే ఉన్న పచ్చదనమే తరుగుతుంది. అక్క ఆమె పక్కనే నిలబడి పట్టా సందు ఒక చేత్తో పట్టుకొని, వెలుగు వేలెడంత మాత్రమే పడనిచ్చింది. కత్తి ఆ మెత్తటి ఒంట్లోకి దిగుతుంటే చిన్నదాని ప్రాణం విలవిల్లాడింది. ఒకచోట రాతికి గట్టిగా పట్టుకొని ఉంది, రానంటోంది. లాగితే చిరుగుతుంది. రాతినే కొద్దిగా చెక్కింది, పెంకుతో సహా వచ్చేలా. ముక్క ఊడి ఆమె అరచేతిలోకి వచ్చింది. నల్ల డబ్బాను తొట్టిలోనే ముంచి, అందులోకి ముక్కను జార్చి, నీళ్ళలోనే మూత బిగించింది. నడుం ఎత్తేసరికి రెక్కలు పడిపోయినట్టున్నాయి.

"ఒక్క మాట," అంది పొడుగావిడ డబ్బా అందుకుంటూ. "మా దగ్గర దీని తిక్క తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. ఎన్నాళ్ళు చీకట్లో ఉంచాలి, వెలుగు ఎంతెంత పెంచుకుంటూ పోవాలి, ఈలోపు ఏం పెట్టాలి... సగం తీసుకెళ్ళడం వేరు, ఉన్నదొక్కటీ తీసుకెళ్ళడం వేరు. నాకు భయంగా ఉంది."

"ఇది వస్తుంది మీతో," అంది అక్క, చిన్నదాని వైపు చూడకుండా.

చిన్నది వినకూడనిది విన్నట్టు నిలబడిపోయింది. "నేనా? నిన్ను వదిలేసి నేనెక్కడికి వెళ్తానక్కా?"

అక్క పొడుగావిడతోనే మాట్లాడింది. "దీన్ని పూర్తిగా నమ్మొచ్చు మీరు. జన్మలో మళ్ళీ ఆ మందు ముట్టుకోదు. ఏది అడిగినా ఇక అబద్ధం చెప్పదు. ఇంతకంటే నమ్మకమైన మనిషి ఇవాళ నా దగ్గర లేదు." అప్పుడు చెల్లెలి వైపు తిరిగింది. "నాలుగు జతల బట్టలు సర్దుకో. తొందరగా."

అది శిక్షో నమ్మకమో చిన్నదానికి ఆ క్షణంలో తేల్చుకోవడం చేతకాలేదు. అడిగే ధైర్యమూ లేదు. దారంతా డబ్బాను ఒళ్ళో పెట్టుకొని, బండి గతుకుల్లో పడినప్పుడల్లా రెండు చేతులా పొదివి పట్టుకొని కూర్చుంది.

కొత్త చోట ఆమెకిచ్చింది ఒక చిన్న గది, పక్కనే తొట్టి ఉన్న ఇంకో గది. తొట్టి మీద మందపాటి నల్ల గుడ్డ. అక్కడివాళ్ళు మంచివాళ్ళే, పలకరించేవాళ్ళు, తోడు రమ్మని భోజనానికి పిలిచేవాళ్ళు. ఈమెకు ముద్ద దిగేది కాదు. గుడ్డ కింద అది ఉందో పోయిందో తెలీదు, ఎత్తి చూడాలంటే భయం, చూడకపోతే ప్రాణం నిలవదు. నీళ్ళలో కలిపే సన్నటి మేత మాత్రం వేళకు వేసేది. నీళ్ళు మార్చేది. ముక్కుతో వాసన చూసేది, కుళ్ళు వాసన వస్తోందేమోనని. రావడం లేదు. అదొక్కటే ధైర్యం.

బావ ఫోన్ చేసేవాడు. పంపుల సంగతులు, మోటారు సంగతులు చెప్పేవాడు. అత్తగారి పేరు ఎత్తేవాడు కాదు. అక్క ఏమైనా అందా అని అడిగితే "పనిలో ఉంది" అనేవాడు. ఆ పనేమిటో చిన్నది గుచ్చి గుచ్చి అడగలేదు. అక్క మాత్రం ఫోన్ చెయ్యలేదు. జడ వేసిన చేతులవి. ఆ చేతులు ఫోన్ తియ్యడం లేదంటే ఎంత నొచ్చుకొని ఉండాలి?

మందు వదిలిపోయిందని అక్కడివాళ్ళు నీళ్ళు పరీక్ష చేసి చెప్పాక చిన్నది వెలుగు మొదలెట్టింది. మొదట గుడ్డ సందులోంచి వచ్చినంత. తర్వాత ఒక పొర తీసినంత. ఆ తర్వాత ఇంకాస్త. తొందరపడితే మళ్ళీ మొదటికొస్తుంది. రోజూ చెయ్యి గుడ్డ దాకా వెళ్ళి మొత్తం లాగెయ్యాలని తహతహలాడేది, రోజూ ఆ చేతిని తిట్టి వెనక్కి లాక్కునేది.

చివరి పొర తీసిన రోజు పొడుగావిడ కూడా వచ్చి పక్కన నిలబడింది. గుడ్డ జారింది. చిన్నది కళ్ళు మూసుకుంది.

"చూడమ్మా," అంది పొడుగావిడ.

పచ్చగా ఉంది. మునుపటంత నిండైన పచ్చ కాదు, జ్వరం తగ్గి లేచి కూర్చున్న మనిషిలా కాస్త పాలిపోయి ఉంది. కానీ కోసిన అంచున, కత్తి గాటు పడిన చోట, దారం మందాన కొత్త ఒళ్ళు పెరిగింది. అదీ పచ్చగానే ఉంది. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళలేదు, కొత్త గది కట్టుకొని అందులోకీ చేరారు. చిన్నది నేల మీద కూర్చొని వెక్కి వెక్కి ఏడ్చింది. సిగ్గుపడలేదు, ఆపుకోలేదు. పొడుగావిడ ఆమె వీపు నిమిరి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

కాస్త తేరుకున్నాక అక్కకు ఫోన్ చేసింది. అక్క ఎత్తింది.

"అక్కా, బతికింది."

అవతల చప్పుడు లేదు.

"అక్కా, వింటున్నావా? కోసిన అంచున కొత్తగా పెరుగుతోంది. సన్నగా ఉంది, కానీ పచ్చగా ఉంది. పైన ఒకచోట ఇంకా పాలిపోయే ఉంది, అది కోలుకుంటుందో లేదో చెప్పలేను. మిగతాదంతా బాగుంది."

"విన్నాను," అంది అక్క. ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. ఎదటివాళ్ళ ముందు కంట తడి పెట్టని మనిషి. "ఇక్కడ మిగిలింది పోయింది. నువ్వెళ్ళిన వారానికే రాతిని వదిలేసింది. నేనే తీశాను. రాళ్ళూ ఇసకా పారేసి, తొట్టి నాలుగైదు సార్లు కడిగి ఎండబెట్టాను."

బావ చెప్పని పనేమిటో అప్పుడు తెలిసింది. ఒక చెవి వినపడని మనిషి ఆ ఖాళీ తొట్టిలో తల పెట్టి ఒంటరిగా రుద్దుతూ కనిపించింది చిన్నదాని కళ్ళకు. తన అబద్ధం ఖరీదు అది.

"అక్కా, వచ్చేయనా?" అంది చిన్నది, చిన్నపిల్లలా. "వీళ్ళకి అన్నీ నేర్పేశాను. నాకు ఇక్కడ ఉండబుద్ధి కావట్లేదు. నిన్ను చూడాలనుంది."

"నాకూ ఉంది."

"మరి రానా?"

"అది పెరగనీ. కోసి రెండు చేసినా రెండూ బతికేంత అవ్వనీ. అప్పుడు రా."

"అది ఎంత నిదానంగా పెరుగుతుందో నీకు తెలుసు కదక్కా. ఏళ్ళు పడుతుందేమో."

"తెలుసు," అంది అక్క. "తొట్టి సిద్ధంగా ఉంచుతాను. నువ్వొక్కదానివే రాకు."